హూవప్పను చూపించమని వచ్చిన తల్లి

లామినేషన్ మిషన్‌లోంచి వేడి ప్లాస్టిక్ వాసన గుప్పుమంటే చాలు, నాకు సుగుణ మిస్ గుర్తొస్తారు. ఆవిడకు ఇలాంటి మిషన్ లేదు. కన్నడం, తెలుగు కలగలిసిన మా ఊరి బ్రూస్‌పేటలో, తన ఇంటి ముందు గదిలోనే మాంటిస్సోరి బడి నడిపేవారు. నేను ఆవిడ దగ్గర కొత్తగా చేరిన టీచర్‌ని. ఒకసారి ఎవరినో బతిమాలి ఒకే క్యాలెండరు రెండు కాపీలు సంపాదించారు. నిండా పొద్దుతిరుగుడు పూలు, చుక్కల ఆకాశం, చెవికి కట్టుతో తన బొమ్మ తానే గీసుకున్న ఆ విదేశీ చిత్రకారుడు. బొమ్మలన్నీ కత్తిరించి మైదా బంకతో అట్టలకు అతికించాం. ఒక్కో బొమ్మకు రెండేసి అట్టలు. పిల్లలు చాప మీద పరిచి జత కలపాలి.

"ఇంత చిన్నపిల్లలకు ఈయనెందుకు మిస్?" అన్నాను.

"పొద్దుతిరుగుడు చేను చూడని పిల్లోళ్ళు ఉండారా ఈడ? ఆయన మనకు చుట్టమే," అన్నారు. పిల్లలు తప్పు జత పెట్టినా నన్ను వేలు పెట్టనిచ్చేవారు కాదు. "కార్డే చెప్తాది లే, నువ్వు ఊరికే ఉండు" అనేవారు. ఊరికే ఉండడం నాకు పుట్టుకతో రాని విద్య.

చిత్రకారుడి పేరు పిల్లల నోట తిరగలేదు. మా పక్క మగవాడన్నాక పేరు చివర అప్ప ఉండాల్సిందే. కన్నడంలో పువ్వంటే హూవు. ఇంకేముంది, చూస్తుండగానే ఆ మహానుభావుడు హూవప్ప అయిపోయాడు. మిస్ దిద్దలేదు. కావ్య అనే పిల్ల మాత్రం బడిలో ఆ పేరే కాదు, ఏ మాటా పలికేది కాదు. చేరినప్పటి నుంచీ నోరు విప్పలేదు. రోజూ ఆ అట్టలే తెచ్చుకుని, జతలు కలిపి, మళ్ళీ అలమరలో పెట్టేసేది. ఆ పిల్లను చూస్తే నాకు దిగులేసేది.

ఒకరోజు కావ్య తల్లి హంపమ్మ ఆ పిల్లను రెక్క పట్టుకుని వచ్చింది. మొగుడు లారీ డ్రైవరు, ఇంట్లో ఉండేది తల్లీబిడ్డలే.

"ఎవుడు మిస్ ఆ హూవప్ప? ఇంట్లో పొద్దస్తమానం వాని మాటే. హూవప్ప పూలు చూపించినాడు అంటాండాది. మొగోళ్ళు ల్యాని బడి అని కదా ఈడ ఏసింది! ఇంక పంపను. చోరనూరులో మా అమ్మ దగ్గర ఇడ్సొస్తా."

నాకు నవ్వు ఆగలేదు. మిస్ నవ్వలేదు. "ఇంట్లో మాట్లాడతాందా?" అన్నారు, కళ్ళు పెద్దవి చేసి. తర్వాత హంపమ్మ భుజం మీద చెయ్యి వేశారు. "భయపడి అడగనీకి వచ్చినావు చూడు, మంచి పని చేసినావమ్మా. కూచో. కావ్యా, మీ అమ్మకు హూవప్పను చూపిస్తావా?"

కావ్య చాప పరిచింది. అట్టలు పేర్చింది. హంపమ్మ ఒక పూలబొమ్మ తీసి పక్కనున్న ఇంకో పూలబొమ్మ మీద పెట్టింది.

"అది కాదుమా. దీంట్లో పూలు తక్కువుండాయి."

బడిలో కావ్య గొంతు వినడం నాకు అదే మొదలు. 'మాట్లాడింది!' అని అరవబోయాను. మిస్ నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు. ఆవిడ చూపు మాత్రం కావ్య పెదాల మీదే ఉంది. ఆ పిల్ల కోసం ఆవిడ ఎంత బెంగపడ్డారో నాకు అప్పుడు తెలిసింది.

హంపమ్మ చెవికి కట్టున్న మనిషిని చేతిలోకి తీసుకుంది. "ఈయప్పేనా? చెవికేమాయె?"

"నొప్పి," అంది కావ్య.

"అయ్యో పాపం. ఈయప్పనా నేను పొద్దున్నుంచి తిడతాండేది!" అంది హంపమ్మ. వెళ్ళేటప్పుడు చెప్పులు వేసుకుంటూ, "రేపు ఇంకొంచెం ముందే తెచ్చి ఇడుస్తా మిస్" అంది.

సుగుణ మిస్ ఇప్పుడు లేరు. నాకూ ఒక చిన్న బడి ఉంది. కోపంగా వచ్చే తల్లులకు కొదవలేదు, ఎదురు జవాబు నోటిదాకా వస్తుంది. అయినా ముందు చాప వేయించి, తల్లిని పిల్ల పక్కన కూర్చోబెడతాను. పట్టుకోవడానికి మిస్ లేరు కదా, నా మణికట్టు నేనే పట్టుకుని కూర్చుంటాను.