పంజాగుట్టకు ప్రార్థన నూనెతో

భీమవరంలో సాయంత్రం రైలెక్కినప్పుడు మా సంచిలో రెండు జతల బట్టలు, స్కానింగు కవరు, పులిహోర పొట్లం, చిన్న సీసాలో ప్రార్థన నూనె ఉన్నాయి. నూనె మా సంఘం పాస్టరు అయ్యగారు ప్రార్థన చేసి ఇచ్చింది. హైదరాబాదులో, పంజాగుట్టలోని ఒక పెద్దాసుపత్రికి మా ఆయన్ని తీసుకెళ్తున్నాను. ఆయన పేరు దానియేలు, కాలేజీ బస్సు డ్రైవరు. ఆ మధ్య ఒకరోజు పిల్లల్ని దింపి, బస్సు షెడ్డులో పెట్టి, అద్దం తుడుస్తూ కిందపడి గిలగిలా కొట్టుకున్నారట. ఫిట్స్ అన్నారు. తలనొప్పి అంటే ఎరగని మనిషికి ఈ వయసులో ఫిట్స్ ఏమిటో నాకు అంతుపట్టలేదు.

కాలేజీ వాళ్ళు మర్యాదగానే చెప్పారు, పెద్ద డాక్టరు సరేనంటేనే మళ్ళీ స్టీరింగు ఇస్తామని. అప్పటిదాకా శీను అనే అతన్ని పెట్టుకున్నారు. ఆ శీనుని నేను కంటితో చూడనైనా లేదు, కానీ ఆ పేరు వింటేనే ఒళ్ళు మండేది.

ఆయన డ్యూటీకి వెళ్ళే ప్రతి పొద్దునా గేటు దగ్గర నిలబడి, "ప్రభువా, ఈయన్ని క్షేమంగా ఇంటికి చేర్చు" అనుకోవడం నా అలవాటు. పెళ్ళయిన కొత్తలో మొదలైన ప్రార్థన అది. ఆయన నవ్వేవారు, దేవుడికి కూడా బస్సు టైమింగులు చెప్తున్నావా అని. మందిరంలోనూ చివర, గుమ్మం అవతల చెప్పుల పక్కనే కూర్చునే రకం.

రైల్లో ఎదురు సీటులో పాలకొల్లు పెద్దావిడ కూతురింటికి వెళ్తోంది. అడిగి అడిగి మా కథంతా లాగింది. చివరికి, "మా వెంకన్నకి నేను మొక్కుకుంటాలే అమ్మా, మీ ప్రభువుకి నువ్వు చెప్పుకో. ఏ దేవుడు విన్నా మంచిదే" అని పులిహోరలో సగం తినిపెట్టింది. ఆయన పై బెర్తు ఎక్కకూడదని భీమవరం డాక్టరు చెప్పారు గనక కింది బెర్తు కోసం టీసీని బతిమాలాను. ఇలాంటి రోగంతో బయల్దేరేవాళ్ళు టికెట్టు తీసేటప్పుడే కింది బెర్తు అడిగి పెట్టుకోండి.

తెల్లవారేసరికి సికింద్రాబాదు. స్టేషను పక్కనే మెట్రో ఉంది, అమీర్‌పేట దాకా ఒకటే బండి. అక్కడ మైత్రీవనం వెనక సందులో ఒక లాడ్జిలో గది దొరికింది. ఇద్దరి ఆధార్ కార్డులూ అడుగుతారు. గదికి కిటికీ ఉంది గానీ తెరిస్తే పక్క హాస్టలు గోడ.

నేను ఇడ్లీ తేవడానికి కిందికి దిగాను. వచ్చేసరికి ఆయన చక్కగా తల దువ్వుకుని, మంచం అంచున బుద్ధిగా కూర్చుని ఉన్నారు. తల నిగనిగలాడుతోంది. స్నానం చేసిన తడి అనుకున్నాను.

మెట్రో మెట్లెక్కించడం ఇష్టంలేక పంజాగుట్టకి ఆటో మాట్లాడాను. ముందు బస్సు ఆగినప్పుడల్లా ఆయన కుడికాలు ఆటో నేలని గట్టిగా తొక్కుతోంది. ఒకచోట పైకే అనేశారు, "బ్రేకు, బ్రేకు" అని. ఆటో అతను అద్దంలోంచి చూసి నవ్వాడు. "డ్రైవర్ లెక్కున్నవ్ గదా అన్న. జర ఫికర్ చెయ్యకు, నీ కాలు కంటే ముందుగాల నా కాలు పడ్తది." వారం రోజుల తరవాత ఆయన నవ్వడం అప్పుడే చూశాను.

ఆసుపత్రిలో పదింటికి మా వంతు వచ్చింది. తలకి వైర్లు అంటించి తీసే పరీక్ష అది. అక్కడ పనిచేసే అమ్మాయి ఆయన జుట్టులో వేలు పెట్టి చూసి, వేలు నాకు చూపించింది.

"నూనె పెట్టుకున్నరా? వద్దని ఫోన్లనే చెప్పినం గదమ్మా. వైర్లు నిలవయి. షాంపూతోని తలస్నానం చేసి రేపు పొద్దుగాల రాండ్రి."

ఆ వాసన నాకు తెలుసు. అయ్యగారి నూనె. గుమ్మం అవతల చెప్పుల పక్కన కూర్చునే మనిషి, నేను ఇడ్లీకి దిగిన ఆ కాసేపట్లో, నా సంచి వెతికి, సీసా మూత తీసి, తన తలకి తానే రాసుకున్నాడు. నాకు చెప్పకుండా. చెప్తే నవ్వుతాననుకున్నారో ఏమో. నాకు ఒక పక్క కోపం, ఒక పక్క జాలి. ఇంత భయం లోపల పెట్టుకుని ఇన్నాళ్ళూ పైకి తేలనివ్వని మనిషిని ఏమని తిట్టను? "పదండి, షాంపూ కొందాం" అన్నాను.

ఆ రోజంతా ఖాళీ. మీరెవరైనా ఈ పరీక్షకి వెళ్తే తలకి నూనె రాయకండి, అది ఎవరు ప్రార్థించి ఇచ్చినదైనా సరే. మధ్యాహ్నం ఒక మెస్సులో ముద్దపప్పు, గోంగూరతో భోజనం చేసి అమీర్‌పేట సందులన్నీ తిరిగాం. ఎటు చూసినా కోచింగ్ బోర్డులే. ఆయన ఒక్కో బోర్డూ ఆగి చదివారు. "సుగుణా, ఇన్ని కోర్సుల్లో నాబోటివాడికి పనికొచ్చేది ఒక్కటీ లేదే" అన్నారు. నవ్విద్దామనే అన్నారు గానీ, ఇద్దరికీ నవ్వు రాలేదు.

సాయంత్రం పాట వినబడి తలెత్తి చూస్తే, టైలరింగు షాపు పైన ఒక గదిలో ప్రార్థన కూడిక. ఎక్కాం. ఆయన అలవాటుగా చెప్పుల పక్కనే కూర్చున్నారు. కూడిక అయ్యాక షాపు నడిపే ఆవిడ, సిద్దిపేట వైపు మనిషి, మాకు టీ ఇచ్చి సంగతి అడిగింది. చెప్పాను. స్వస్థత జరుగుతుందని అందరిలాగే అంటుందనుకున్నాను.

"మా పెద్దోడు పోయినప్పుడు నేను సుత గట్లనే మొత్తుకున్న అక్కా. దేవుడు సప్పుడు చెయ్యలే. గని నన్నిడిచి పోలే. పక్కకే కూసున్నడు" అంది.

నిజం చెప్పాలంటే నాకా మాట రుచించలేదు. పక్కన కూర్చునే దేవుడు కాదు, పని చేసిపెట్టే దేవుడు కావాలి నాకప్పుడు. మా ఆయన మాత్రం టీ చల్లారిపోయేదాకా గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయారు.

మర్నాడు పరీక్ష అయింది. మధ్యాహ్నం డాక్టరు పిలిచారు, మా కోస్తా వైపు మనిషే. "దానియేలు గారూ, మందులు మానకుండా వాడితే మామూలుగానే బతకొచ్చు. స్టీరింగు మాత్రం ఇక పట్టుకోకండి. పిల్లల బస్సు అసలే వద్దు." నేను ఇంకొన్నాళ్ళ తరవాతైనా అని రెండుసార్లు అడిగాను. డాక్టరు తల అడ్డంగా ఊపారు. తానొకటి తలిస్తే దైవమొకటి తలచిందంటారు. ఇది దైవం తలచిందేనా అని ఆ గదిలో నాకు నిజంగా అనుమానం వచ్చింది, దాచను.

ఎర్రమంజిల్ మీదుగా ఆటోలో స్టేషనుకి పోతుంటే వాన. మా ఆయన కాలు ఇంకా నేలని తొక్కుతూనే ఉంది. ఈసారి ఎవరూ నవ్వలేదు, నేను ఆ మోకాలి మీద చెయ్యి వేసి కూర్చున్నాను.

తెల్లారేసరికి రైలు ఆకివీడు దాటింది. రెండువైపులా చేపల చెరువులు, వాటి మీద పొగమంచు. మా ఊళ్ళో ఆయన డ్యూటీకి బయల్దేరే వేళ. అలవాటు చొప్పున నా పెదాలు కదిలాయి, క్షేమంగా ఇంటికి చేర్చు అని. అంతలోనే ఆగిపోయాను. ఇక ఈ మనిషి ఎక్కడికి వెళ్తాడని చేర్చడానికి? ఆయన కిటికీలోంచి చూస్తూనే కనిపెట్టారు.

"ఆపేశావేం?"

నేను జరిగి ఆయన పక్కన కూర్చున్నాను.

"పిల్లలు బండిలో ఉండగా రాలేదు సుగుణా అది. అందర్నీ దింపేశాక వచ్చింది. దానికి మాత్రం స్తోత్రం చెప్పగలుగుతున్నాను. మిగతాది నాకింకా చేతకావట్లేదు."

చెరువుల వైపే చూస్తూ మళ్ళీ అన్నారు, "ఆ ప్రార్థన మానకు. ఈ వేళకి శీను బండి తీస్తూ ఉంటాడు. వాడి పేరు పెట్టి చెయ్యి."

హైదరాబాదు ఎలా ఉందని ఇంటికెళ్తే అందరూ అడుగుతారు. ఏం చెప్పను, అడిగింది దొరకని ఊరు. కళ్ళు మూసుకున్నాను. శీను పేరు గొంతు దాటి రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చాక, పక్కన నా మనిషి "ఆమెన్" అనడం మొదటిసారి విన్నాను.