గుడి నూటరవై, ఎడం నూరు

అరవై దాటినాక మా కోడలు నాకు అక్షరాలు నేర్పింది. ఆమెది పుత్తూరు పక్క, తెలుగు బడిలో చదివింది. మా ఇంట్లో మిగతావాళ్ళకు చదవను అరవమే వచ్చు. నేర్చుకున్నది మరిచిపోతానని కనబడిందల్లా నోటుపుస్తకంలో రాసేదాన్ని.

పోయినేడు రెండు నెలలు సన్నజరం వదల్లేదు. వీపంతా నొప్పి, తిన్నది ఒంటికి పట్టదు. తడిచీర దండెం మీద వేయబోతే ఎడంచెయ్యి మధ్యలోనే సోలిపోయేది. తిరుత్తణి డాక్టరు దగ్గర కుర్చీ కుడిపక్క గోడకు ఆనుకొని ఉంటుంది, ఎడంచెయ్యే ఆయనకు అందేది. "బీపీ తక్కువ, ఉప్పేసి మజ్జిగ తాగు" అన్నాడు. తిరువళ్ళూరు డాక్టరు కుడిచేతికి పట్టీ చుట్టి, "బీపీ ఎక్కువ, ఉప్పు మానెయ్" అన్నాడు. మా ఆయన తిరుత్తణి పక్షం, కోడలు తిరువళ్ళూరు పక్షం. పొద్దున ఉప్పు, సాయంత్రం చప్పిడి.

"నీ ఒంట్లో ఎంతమంది ఉండారో ముందు తేల్చుకోవే" అన్నాడు మా ఆయన.

"ఎంతమందుంటే ఏం, వండేది నేనొక్కదాన్నే కదా" అన్నాను.

జరం తగ్గక తిరువళ్ళూరులోనే ఇంకో ఆసుపత్రికి పోయినాము. చిన్నవయసు డాక్టరమ్మ, అరవం మనిషి. నా నోటుపుస్తకం కోడలు చదివి అరవంలో చెప్పింది. "గుడి నూటరవై, ఎడం నూరు అని రాసుకునింది. గుడిలో ఉంటే నూటరవై, గుడికి ఎడంగా ఉంటే నూరు కాబోలు."

డాక్టరమ్మ కలం ఆపింది. "పాట్టీ, కొండెక్కి బీపీ చూపించుకున్నారా?" పాట్టీ అంటే అరవంలో అవ్వ.

మా ఆయన నెలనెలా కృత్తికకు తిరుత్తణి కొండెక్కే మనిషి. మొహం మాడిపోయింది. "స్వామి దగ్గరికి పోతే బీపీ ఎక్కుతుందా?"

"ఏ గుడయ్యా, ఈ గుడి" అని కుడిచెయ్యి ఎత్తి ఆయన ముక్కు ముందర ఆడించినాను. అరవంలో కకూ గకూ ఒకటే అక్షరం. ఆ బోర్డుల మధ్య బతికేదాన్ని, నాకు ఇప్పటికీ తికమకే.

డాక్టరమ్మ నవ్వలేదు. రెండు చేతులకూ పట్టీ చుట్టి చూసింది. ఎడం మణికట్టు పట్టుకుని నాడి కోసం చానాసేపు వెతికింది. రక్తం తీయించింది, నరంలోకి మందెక్కించి స్కాన్ తీయించింది. గుండెలోంచి బయల్దేరే పెద్ద రక్తనాళం గోడ వాచిందంట. ఎడంచేతికి పోయే కొమ్మ ఇరుకైపోయిందంట.

"ఇట్లే వదిలేస్తే?" అని అడిగినాను.

"ఉబ్బి పగలొచ్చు."

"మందు మింగితే?"

"వాపు తగ్గుతుంది. మీ అంతట మీరు ఆపకూడదు పాట్టీ."

స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టినాను. జరం నాలుగు రోజుల్లో పోయింది, దాని బదులు ఆకలి వచ్చింది. కోడలు దోసెలు పోసిపోసి పెనం దించేసింది. నా మొహం గుమ్మడికాయ అయింది. చూసినోళ్ళంతా "జబ్బంటివే, బాగా ఒళ్ళు చేసినావు" అన్నారు. మాత్ర కొంచెం కొంచెంగా తగ్గించినారు. తగ్గించినప్పుడల్లా రాసుకున్నాను, ఈసారి కోడలికి చూపించి.

ఎడంచేతి బీపీని నమ్మొద్దు, ఎప్పుడూ కుడిచేతికే చూడాల అని డాక్టరమ్మ చెప్పింది. పోయిన నెల కొత్త నర్సు పట్టీ తీసుకొని ఎడంపక్కకు వచ్చింది. మా ఆయన వెనకనుంచి "కుడి, కుడి" అని అరిచినాడు. అరవంలో కుడి అంటే తాగమని. ఆ పిల్ల పట్టీ పక్కన పెట్టి నాకు గ్లాసుడు నీళ్ళు తెచ్చిచ్చింది. ఎడంచేత్తో గ్లాసు పట్టుకొని తాగి, కుడిచెయ్యి చాపినాను.