కుర్చీ ఎక్కని సైకిల్

నా సైకిల్‌కు మడ్గార్డులున్నాయి, స్టాండుంది, వెనక క్యారియర్ ఉంది. ఉంటే తప్పా? ఆ కొండ కింద, రోప్‌వే కుర్చీల ముందు నిలబడి ఈ మాట ఎన్నిసార్లు అడిగానో నాకే గుర్తులేదు.

పామిడి నుంచి తాడిపత్రి వైపు పోయే దారిలో ఉంటుంది ఆ బోడికొండ. మొన్న మొన్నటిదాకా దాని మీద మేకలు తప్ప ఎవరూ ఎక్కింది లేదు. బెంగళూరు వాళ్లు వచ్చి లీజుకు తీసుకుని, పై నుంచి కిందికి వంకరటింకర దారులు చెక్కించారు. ఇనుప స్తంభాలు నిలబెడుతుంటే గాలిమర అనుకున్నాం. మా పక్క ఏ కొండ మీద స్తంభం లేచినా గాలిమరో కరెంటు లైనో అనుకోవడం అలవాటైపోయింది. తీరా చూస్తే స్తంభాల మీద తీగ, తీగకు కుర్చీలు. మనిషి ఒక కుర్చీలో కూర్చోవాలి, సైకిల్‌ను ముందు కుర్చీ వెనకున్న కొక్కేనికి తగిలించాలి. పైన దిగి, సైకిలెక్కి, ఆ వంకర దారుల్లో కిందికి రావాలి. ఇదీ వాళ్ల సైకిల్ పార్కు. శెనక్కాయ ఎండిపోయి రైతులు నెత్తిన చేయి పెట్టుకున్న ఊర్లలో, దిగడం కోసం కొండెక్కేవాళ్లున్నారని తెలిసి మా వీధంతా నవ్వింది. నేను నవ్వలేదు.

మా నాయనది బస్టాండు దగ్గర సైకిల్ అంగడి. నా మొగుడు తాడిపత్రిలో బండల లారీ తోలతాడు, వారానికోసారి ఇంటికొస్తాడు. నేను నాయనతో పాటు అంగట్లో కూర్చుంటాను. నలభై దాటినాయి నాకు. నా గోళ్ల కింద గ్రీసు ఎప్పుడూ పోదు, ఎవరి దగ్గరా దాచను కూడా. చిన్నప్పుడు నాయన పల్లెలకు రిపేర్లకు పోతుంటే క్యారియర్ మీద నన్ను కూర్చోబెట్టుకునేవాడు. ఎప్పుడు పోయినా ఆ కొండను చుట్టుకునే పోయేవాళ్లం. "నాయనా, దీని మీద నుంచి సైకిల్లో దిగితే ఎట్లుంటాది?" అని అడిగేదాన్ని. "ముందు సైకిల్ పైకెక్కల్ల గదా పాపా," అనేవాడు. ఆ ఎక్కించేది ఏదో ఇన్నేళ్లకు వచ్చింది కదా. నా సైకిల్ మీద ఆ కొండ దిగాలి. నాకు కావలసింది అంతే.

నా సైకిల్ నాయన చేసింది. పాత ఫ్రేముకు లావు టైర్లు, గేర్లు, గట్టి బ్రేకులు వేసి ఇచ్చాడు. అయితే మా అంగట్లో ఒక పట్టింపుంది. మడ్గార్డు లేని సైకిల్‌ను నాయన బయటికి పంపడు. "గుడ్డల్లేకుండా బజారుకు పంపిచ్చినట్లుంటాది," అంటాడు. క్యారియర్ సంగతి ఇంకా గట్టిది. ఇంకో మనిషిని కూర్చోబెట్టుకోలేని సైకిల్ ఎందుకని ఆయన వాదన. ఆ క్యారియర్ మీద పెరిగినదాన్ని, నేనెందుకు కాదంటాను?

పార్కు తెరిచిన కొత్తలో ఒక ఆదివారం చుట్టుపక్కల ఊర్లవాళ్లను ఊరికే రమ్మన్నారు. ఎవరి సైకిల్ వాళ్లు తెచ్చుకోవచ్చన్నారు. గాలికాలం పోయినాక పోటీ పెడతామని, పేర్లివ్వమని కూడా చెప్పారు. ముందు పేరు ఇచ్చి, ఆ తర్వాతే కుర్చీల దగ్గరికి పోయాను. నాయన కింద రేకుల షెడ్డులో టీ తాగుతూ కూర్చున్నాడు.

కుర్చీల దగ్గరున్నతను శింగనమల పక్కవాడు, పాతికేళ్లుంటాయేమో, మర్యాదస్తుడు. నా సైకిల్ ముందు చక్రం ఎత్తి కొక్కేనికి తగిలించబోయాడు. మడ్గార్డు అడ్డం వచ్చింది. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. కొక్కెం చక్రం లోపలికి పోనే పోదు. వెనక వరుసలో బెంగళూరు వాళ్లు తేలికపాటి సైకిళ్లు పట్టుకుని నిలబడి చూస్తున్నారు.

"అక్కా, ఈ మడ్గార్డు తీసేయల్ల," అన్నాడతను.

"ఏమప్పా, నా సైకిల్ నీ కొక్కేనికి సరిపోవల్లనా, నీ కొక్కెం సైకిల్‌కు సరిపోవల్లనా?"

"నేనేం చేసేది అక్కా. ఇది బెంగళూరు నుంచే చేసి పంపిచ్చినారు."

"తప్పుకో అయితే. నేను కడతా."

మా పక్క ఏ వస్తువైనా కట్టాలంటే సైకిల్ ట్యూబు కోసిన పట్టీయే. బస్సు పైన సైకిల్ వేసినా, ఆటో మీద మంచం వేసినా, దాంతోనే బిగిస్తాం. మా గుంతల రోడ్డు మీద తాడు వదులవుతుంది గానీ రబ్బరు వదులు కాదు. నా క్యారియర్‌కు ఎప్పుడూ రెండు పట్టీలు చుట్టి ఉంటాయి. ఒకటి హ్యాండిల్ దగ్గర, ఒకటి సీటు కింద వేసి, నాయన నేర్పిన ముడితో సైకిల్‌ను కుర్చీ వీపుకు బిగించేశాను. బస్సు టాపు మీద వేసినట్టే బిగించాను. అదే నేను చేసిన పొరపాటు. బస్సు స్టాపులో ఆగుతుంది, తీరిగ్గా ముడి విప్పుకోవచ్చు. ఈ కుర్చీ యాడా ఆగదు. ఆ సంగతి నా బుర్రకు తట్టనే లేదు.

వెనక కుర్చీలో కూర్చుని పైకి పోయాను. గాలి చెంపల మీద కొడుతోంది. పక్కవాళ్ల సైకిళ్లు కొక్కేలకు వేలాడుతూ ఊగిపోయి, పెడళ్లు కుర్చీలకు తగిలి టంగు టంగుమంటున్నాయి. నాది మాత్రం కదల్లేదు. ఎంత గర్వపడ్డానో చెప్పలేను. పైకి చేరాక అక్కడున్నతను సైకిల్ పట్టుకుని లాగాడు. రాలేదు. ముడి పట్టుకుని గుంజాడు. మా నాయన ముడి ఎవరో గుంజితే ఊడుతుందా? నేను కుర్చీలో నుంచి దూకి పరిగెత్తేలోగా ఆ కుర్చీ చక్రం చుట్టూ తిరిగి, నా సైకిల్‌ను ఎత్తుకుని, అవతలి పక్క నుంచి కిందికి బయల్దేరింది.

పైకి వస్తున్న వాళ్లందరూ కిందికి పోతున్న నా సైకిల్‌ను చూసి నవ్వారు. నవ్వితే నవ్వనీ. కింద ఏం జరిగిందో నాకు తర్వాత తెలిసింది. షెడ్డులో కూర్చున్న మా నాయన తలెత్తి చూశాడు. సైకిల్ వస్తోంది. దాని వెనక నేను ఎక్కిపోయిన కుర్చీ ఖాళీగా వస్తోంది. కూతురు యాడో మధ్యలో పడిపోయిందనుకున్నాడు. టీ గ్లాసు పారేసి, తీగ కింద రాళ్లలో పడి పైకి పరిగెత్తాడు డెబ్బై ఏళ్ల మనిషి. ఆయన్ను చూసి శింగనమల తమ్ముడు ఎర్ర బటన్ నొక్కాడు. కుర్చీల్లో ఉన్నవాళ్లందరూ ఎండలో, గాలిలో అట్లాగే వేలాడారు.

నేను పైనుంచి కాలిదారిన పడి దిగాను. నాయన ఒక బండ మీద కూర్చుని రొప్పుతున్నాడు. నన్ను నిలువునా చూసి, "చెప్పులు యాడ?" అన్నాడు. అప్పుడు చూసుకున్నాను, నా కాళ్లకు చెప్పుల్లేవు. నాకు ఏడుపొచ్చింది. అది ఆ రోజు ఎవరికీ కనపడనీయలేదు.

అప్పుడొచ్చాడు మేనేజరు. నా వైపు చూడలేదు. నేరుగా మా నాయన ముందు నిలబడ్డాడు.

"ఏంటండీ ఆ కట్టడం? ఇదేమన్నా ఎడ్లబండా? ఎవరికైనా ఏదైనా అయితే ఎవరు బాధ్యులు?"

"కట్టింది నేను సార్," అన్నాను. "ఆయన్నెందుకు అంటాండారు?"

ఆయన వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. మరుసటి రోజుకే కుర్చీల దగ్గర బోర్డు పెట్టించాడు. "నాటు సైకిళ్లను రోప్‌వేపై అనుమతించము" అని. నాటు కోడి దొరికితే లొట్టలేసుకుంటూ తింటారు, నాటు సైకిల్ మాత్రం పనికిరాదు. పోటీలో నా పేరు సంగతి అడిగితే, పేరు ఉంటుంది మేడమ్, మా సైకిల్ బాడుగకు తీసుకోండి అన్నాడు. నాకు కావలసింది నా సైకిల్ మీద దిగడం. ఇంకొకరి సైకిల్ ఎక్కి దిగేదానికి నాకేం ఖర్మ?

పోటీకి రెండు రోజుల ముందు పొద్దున్నే నాయన ఉతికిన చొక్కా వేసుకుని అంగట్లో నుంచి బయటికి అడుగేశాడు. ఉతికిన చొక్కా ఆయన పండగకో పెండ్లికో తప్ప వెయ్యడు.

"యాడికి పోతాండావు నాయనా?"

"ఆ సార్ దగ్గరికి."

"ఎందుకు?"

"ఆ ముడి నేర్పించింది నేను గదా. తప్పు నాదేనని చెప్తా. మడ్గార్డు గూడా తీసేస్తామంటా. నిన్ను ఎక్కిచ్చుకోమంటా."

ఎవరి ముందూ చేతులు కట్టుకుని నిలబడని మనిషి. బాకీ పెట్టిన పోలీసాయన సైకిల్‌ను కూడా తాళం వేసి లోపల పెట్టుకున్నవాడు. నా కోసం ఆ మేనేజరు ముందు తల వంచడానికి చొక్కా ఉతుక్కున్నాడు.

"నువ్వు పోయినావంటే నేను ఈ అంగట్లో పానా పట్టను," అన్నాను. "చొక్కా ఇప్పు."

"మరి పైకి ఎట్ల పోతావు?"

"మేకలు ఎట్ల పోతాండాయి?"

నాయన వెనక్కి వచ్చాడు. చొక్కా విప్పి మేకుకు తగిలించాడు. "బరువుంటాది పాపా," అన్నాడు. ఆ మాటలో వద్దనేదేమీ లేదు.

పోటీ రోజు తెల్లారుతూనే కొండకు వెనక పక్క, మేకల దారి మొదట్లో ఇద్దరం నిలబడ్డాం. నాయన నా భుజం మీద తువ్వాలు మడిచి వేశాడు. మోసేటప్పుడు ముందు చక్రం తిరిగి మొహానికి తగలకుండా హ్యాండిల్‌ను ఫ్రేముకు ట్యూబు పట్టీతో కట్టాడు. అదే పట్టీ, అదే ముడి. కాకపోతే ఈసారి ముడిలో ఒక చెవి బయటికి వదిలాడు. "ఇది పట్టుకోని లాగితే ఊడిపోతాది," అన్నాడు. ఇన్ని రోజులూ ఆ ముడి గురించే ఆలోచించాడన్నమాట ఈ మనిషి.

ఎక్కాను. గొప్పగా ఎక్కానని చెప్పను. సగం దారికే భుజం ఒరుసుకుపోయింది. పెడల్ వచ్చి నడుముకు గుచ్చుకునేది. గాలికి సైకిల్ ఒక పక్కకు లాగితే నేను ఇంకో పక్కకు పోయేదాన్ని. ముళ్లకంపకు చున్నీ చిరిగింది. మేనేజరును తిట్టుకుంటూ ఎక్కాను, కొక్కెం చేసినవాణ్ణి తిట్టుకుంటూ ఎక్కాను, ఆఖరికి బరువు ఫ్రేము వెతికి తెచ్చినందుకు మా నాయనను కూడా తిట్టుకున్నాను. తిట్లు అయిపోయేసరికి పైన ఉన్నాను.

మేనేజరు నన్ను చూసి నోరు తెరిచాడు. "మీరెలా వచ్చారు?"

"కాళ్లతో సార్."

"మేడమ్, బోర్డు చూడలేదా?"

"చూసినా. కుర్చీ ఎక్కగూడదని ఉండాది. కొండ ఎక్కగూడదని యాడా లేదు."

పక్కనున్న బెంగళూరు అమ్మాయి ఒకతె నవ్వాపుకోలేక మొహం తిప్పుకుంది. ఆయన నా బ్రేకులు పరీక్షించాడు, నట్లు చూశాడు, ఒక్క వంక దొరకలేదు. ముడి చెవి పట్టుకుని లాగాను. పట్టీ చేతిలోకి వచ్చేసింది.

దిగడం గురించి ఏం చెప్పాలి? మడ్గార్డులు గలగలలాడినాయి, క్యారియర్ ఎగిరెగిరి పడింది, నా పళ్లు ఒకదానికొకటి కొట్టుకున్నాయి. చిన్నప్పుడు చుట్టుకుని పోయిన కొండ నా కింద నుంచి జారిపోతుంటే గట్టిగా నవ్వాను, నోట్లోకి దుమ్ము పోయినా ఆపలేదు. అందరికంటే ఆఖర్న వచ్చాను. నా ముందు వచ్చినవాళ్లకూ నాకూ చాలా దూరముంది. కింద నాయన క్యారియర్ మీద చెయ్యేసి అది గట్టిగా ఉందో లేదో చూసుకున్నాడు.

రెండో విడత ఉందని మైకులో చెప్పారు. అందరూ కుర్చీల వైపు పోతున్నారు. శింగనమల తమ్ముడు పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"అక్కా, సార్ నిన్ను కుర్చీలో ఎక్కిచ్చమన్నాడు. ముడి ఎట్లేసినా పర్వాలేదంట. ఈ ఒక్కసారికి."

ఒక్కసారికి అంట. నా భుజం మండుతోంది. ఎక్కుదామా అనిపించిన మాట నిజం. నాయన వైపు చూశాను. ఉతికిన చొక్కా వేసుకుని క్షమాపణ చెప్పబోయిన మనిషి, కుర్చీల పక్కనున్న బోర్డు చూస్తున్నాడు.

"ఆ బోర్డు తీస్తారా అప్పా?" అని అడిగాడు.

"అది నా చేతిలో లేదు తాతా."

"అయితే మాకొద్దులే."

నాయన వంగి ట్యూబు పట్టీ తీసుకుని హ్యాండిల్ కట్టాడు, చెవి వదిలి. సైకిల్ నా భుజానికెత్తాడు. నేను వెనక పక్కకు తిరగబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"మేకల దారి ఎందుకు పాపా? ఈడనుంచే పోదాం."

సరిగ్గా తీగ కింద నుంచి ఎక్కాం. ముందు నేను, వెనక క్యారియర్ పట్టుకుని మా నాయన. మా తల మీదుగా కుర్చీలు ఒకటి వెనక ఒకటి పోతున్నాయి, అందరూ వంగి కిందికి చూస్తున్నారు, ఈసారి ఎవరూ నవ్వలేదు.