డాక్టరమ్మ భోజనం

అమెరికాలోని టొలీడో చుట్టుపక్కల డాక్టర్లకు మందులమ్మే రెప్‌లలో డ్వేన్ హాల్వర్సన్ పేరు వినని వాళ్లు లేరు. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా "మీ తర్వాతి రోగికి ఇది రాస్తారు కదూ?" అని సూటిగా అడిగి, అవుననిపించుకుని గానీ కుర్చీలోంచి లేచేవాడు కాదు. ఆ ఒక్క ప్రశ్నతోనే ఇల్లు కట్టాడు, జిల్లా మేనేజర్ అయ్యాడు.

తర్వాత కాలం మారింది. పైవాళ్లు డ్వేన్‌ను కొలంబస్ ఊళ్లోని ఆఫీసుకు పిలిపించి కొత్త నాయకత్వం నేర్పారు. నాయకుడనేవాడు జవాబులు చెప్పకూడదట. పరిస్థితిని బట్టి మారాలట, కిందివాళ్లనే దారి చెప్పనివ్వాలట. డ్వేన్‌కు ఇది తెగ నచ్చేసింది. తిరిగొచ్చి తన రెప్‌లందరి ముందు గుండె మీద చెయ్యి వేసుకుని, "నా మొహం మీదే నిజం చెప్పండి. తప్పయితే తప్పనండి" అన్నాడు. చెప్పేటప్పుడు మనస్ఫూర్తిగానే చెప్పాడు, పాపం.

ఆ వారమే కోరిన్ బెలాంజర్ అనే రెప్‌తో కలిసి క్లినిక్‌కు వెళ్లాల్సిన రోజు వచ్చింది. కోరిన్ కారు నడుపుతోంది. వెనక సీట్లో డాక్టర్ ఫీనీ క్లినిక్ సిబ్బంది అందరికీ సరిపడా లెబనీస్ కోడి వంటకం, రొట్టెలు ఘుమఘుమలాడుతున్నాయి. అక్కడ రెప్ భోజనం పట్టుకెళ్తేనే డాక్టరు కాసేపు కూర్చుని మాట్లాడేది. రెండు శీతాకాలాలు మంచులో తిరిగి తిరిగి సంపాదించిన క్లినిక్ అది. ఆమె అమ్మకాల్లో సగం అక్కడివే.

"డ్వేన్, ఒక్క మాట. డాక్టర్ ఫీనీ తినేంతసేపూ మనం నోరెత్తకూడదు. తినడం అయ్యాక ఆవిడే అడుగుతారు. ఉబ్బసం రోగుల గురించి ఇవాళ మాట్లాడదామని ఆవిడే అన్నారు."

"నువ్వెలా చెబితే అలా. ఇవాళ నువ్వే బాసువి, నేను ఊరికే తినడానికొచ్చినవాణ్ణి" అన్నాడు డ్వేన్.

డాక్టర్ ఫీనీ వచ్చింది, కూర్చుంది, తినసాగింది. గదిలో ఎవరూ మాట్లాడటం లేదు. కోరిన్ హాయిగా కూర్చుంది. డ్వేన్‌కు మాత్రం ఒళ్లంతా చీమలు పాకుతున్నట్టుంది. డాక్టరమ్మ రెండో రొట్టె తుంచుతుండగా ఇక ఆగలేకపోయాడు.

"డాక్టర్, మీ తర్వాతి రోగికి మా మందు రాస్తారు కదూ?"

ఆవిడ రొట్టె పళ్లెంలో పెట్టేసింది. "నన్ను కనీసం తిననివ్వరా?" అని లేచి, వెళుతూ వెళుతూ ముందు గదిలో అమ్మాయితో, "ఈ కంపెనీ వాళ్లని ఇక లోపలికి పంపకు" అంది. కోరిన్ మొహం పాలిపోయింది.

సోమవారం అందరూ ఉన్న ఫోన్ మీటింగులో పై అధికారి గ్రెచెన్ అడిగింది: "ఫీనీ క్లినిక్ ఎలా పోయింది?"

డ్వేన్ గొంతు సవరించుకునేలోపే కోరిన్ అందుకుంది. "తప్పు నాదే. వెళ్లకూడని రోజు తీసుకెళ్లాను."

"శభాష్! నేను చెప్పే కొత్త నాయకత్వం ఇదే. తప్పు ఒప్పుకునే ధైర్యం మనిషికి ఊరికే రాదు. డ్వేన్, ఎంత మంచి టీమును తయారుచేశావయ్యా!" అంది గ్రెచెన్.

చప్పట్లు వినిపించాయి. నిజం చెప్పడానికి డ్వేన్‌కు కావలసినంత సమయం ఉంది. "థాంక్యూ" అన్నాడు.

ఆ మాట అన్నప్పటి నుంచి అతనికి అద్దంలో తన మొహం తనే చూసుకోవాలనిపించలేదు. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. అయినా మనసులో ఓ మూల చిన్న ఊరట: ఆ పిల్లకు తనంటే ఎంత అభిమానం! మధ్యాహ్నం ఫోన్ చేశాడు.

"కోరిన్, నన్నెందుకు కాపాడావు? అంతా నా వల్లే కదా."

"మిమ్మల్ని కాపాడటమేంటండీ? ఏడాది చివర నాకు మార్కులు వేసేది మీరు. మీదే తప్పని అందరి ముందూ అనమంటారా?"

"నిజం చెప్పమని నేనే అన్నానుగా!"

"అన్నారు. మీటింగులో మీరు చెప్పలేదుగా."

డ్వేన్ ఫోన్‌ను రెండో చెవికి మార్చుకున్నాడు.

"ఇంకేమైనా ఉందా డ్వేన్? పోయిన క్లినిక్కు బదులు ఇంకోటి వెతుక్కోవాలి నేను" అంది కోరిన్, ఎంతో మర్యాదగా.