సూరిబాబుకి నాలుగు పేజీలు

తొంభైల్లో మేం మల్కాపురంలో ఉండేవాళ్లం. రచయితలకు ఉత్తరాలు రాసి, సంతకంతో వచ్చే జవాబులూ ఫొటోలూ దాచుకోవడం నాకు పిచ్చి. నన్ను చూసే పక్కింటి సూరిబాబూ మొదలుపెట్టాడు. నా అభిమాన రచయిత్రి నాకు రెండు వాక్యాలు రాసి, అతనికి నాలుగు పేజీలు రాశారు. కడుపు రగిలిపోయింది.

ఆవిడ విశాఖలో సభకు వచ్చినప్పుడు ఇద్దరం వెళ్లాం. ఉండబట్టలేక, మా ఇద్దరి పేర్లూ చెప్పి అందరి ముందే అడిగేశాను. "పాత అభిమానిని నేనైతే, అతనికి అంత పెద్ద ఉత్తరమేంటండీ?"

"ఆయన నా కథ ముగింపు బాగోలేదని పోట్లాడారు. మీరు సంతకం మాత్రమే అడిగారు కదా!" అన్నారావిడ.

సభంతా ఘొల్లుమంది. నాకు తల కొట్టేసినట్టయింది. మెల్లగా జారుకోబోతుంటే సూరిబాబు చెయ్యి పట్టుకున్నాడు.

"ఏటి బావా, ఎల్లిపోతన్నావ్? రా, ఫొటో దిగుదాం" అంటూ నన్ను ఆవిడ పక్కన నిలబెట్టి, తను చివర నిలబడ్డాడు.

ఆ రోజు నుంచి నాకు అతని మంచితనం మీద కూడా అసూయే.