ఆయన చెయ్యి, నా టంకం

చెవిలో పెట్టుకునే మిషన్ ఈమధ్య ఉన్నట్టుండి మూగబోయింది. దానికి మాట పడిపోతే నాకు వినికిడి పోయినట్టే కాబట్టి, ఎవరేమన్నా నవ్వుతూ తలూపి కొన్నాళ్ళు నెట్టుకొచ్చాను గానీ, పరామర్శకు వెళ్ళిన ఇంట్లో కూడా నవ్వుతూ తలూపేసరికి మనవరాలు నన్ను కరీంనగర్‌లో దుకాణానికి లాక్కుపోయింది. అక్కడి అబ్బాయి దాని కడుపులోకి భూతద్దంతో చూసి, ఇది బాగుచేసేది కాదు, మొత్తం మార్చాల్సిందే అన్నాడట. నేనా మాట పట్టించుకోలేదు. పక్కబల్ల మీద ఎవరో టంకం వేస్తున్నారు. అందులో కలిపే చెట్టుజిగురు కాలి సన్నగా పొగ లేచింది. చెవులు రిటైరయినా నా ముక్కు ఇంకా నౌకరీలోనే ఉంది. ఆ వాసన నన్ను మా అద్దె ఇంటి కిటికీ దగ్గరికి తీసుకుపోయి కూర్చోబెట్టింది.

మెట్‌పల్లి నుంచి నేను కాపురానికి వచ్చేనాటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేళ్ళయింది. మావారిది కరీంనగర్ తార్ ఆఫీసులో టెలిగ్రాం మీట కొట్టే ఉద్యోగం. తార్ వచ్చిందంటే కవరు విప్పకముందే ఇంట్లో ఏడుపు మొదలయ్యే రోజులని మా ఈడువాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. ఊరి చావులూ పురుళ్ళూ అన్నీ ఆయన కుడిచేతి మణికట్టులోంచే పోయేవి. ఆ మీట కొట్టేవాళ్ళకు ఒకరి చెయ్యి ఒకరికి తెలుస్తుందట, మనకు గొంతు తెలిసినట్టు. ఆదిలాబాద్‌లో మీట దగ్గర కూర్చునే పెద్దాయనను మావారు ఏనాడూ కళ్ళతో చూడలేదు, అయినా అన్న అనే అనేవారు. ఒక్కోరోజు ఇంటికొస్తూనే, “అన్న ఇయ్యాల ఇంట్ల కొట్లాడి వచ్చినట్టుండు, చెయ్యి జర గరం మీదున్నది” అని నవ్వేవారు.

ఆ కుడిచెయ్యే వణకడం మొదలుపెట్టింది. మొదట చాయ్ కప్పు సాసరులో గలగలలాడింది. చలికి అన్నారు. కరీంనగర్ ఎండాకాలంలో చలేసిన మనిషిని నేను ఆయన్నొక్కరినే చూశాను. మీట కొట్టేవాళ్ళకు ఏళ్ళ తరబడి కొట్టీ కొట్టీ వచ్చే రోగం అది. వచ్చిందని పైవాళ్ళకు తెలిస్తే మీట దగ్గరి కుర్చీ పోతుంది. ఆయనకు చేతనయినది అదొక్కటే, ఆయన గర్వం కూడా అదొక్కటే.

అప్పుడే బొంబాయి నుంచి రేడియో విడిభాగాల పార్సెల్ తెప్పించారు. సొంతంగా వైర్‌లెస్ పెట్టుకుని దేశదేశాల వాళ్ళతో మాట్లాడే శౌకు ఆయనకు పెళ్ళికి ముందునుంచే ఉంది. ముందు ఈ వినే పెట్టె బిగించాలి, తర్వాత మీట కొట్టి చూపించి లైసెన్సు తెచ్చుకోవాలి. పైకి చెప్పింది అది. చెప్పనిది నాకు తెలుసు: ఇంత సన్నటి పని చేయగలిగితే తన చేతికి ఏమీ కాలేదని తనకు తాను రుజువు చేసుకోవాలి.

పార్సెల్ విప్పి ఆయన రెసిస్టర్, ట్రాన్సిస్టర్ అని చూపిస్తుంటే, ఈ సిస్టర్లందరూ మిషన్ దవాఖానా నర్సమ్మల చుట్టాలనుకున్న తెలివి నాది. కరెంటు లేని ఇల్లు గనుక టంకపు కడ్డీ నా కుంపట్లోనే కాలాలి. అలా కుంపటితో పాటు నేనూ ఆ విద్యలోకి దిగాను. పొగ లేచినప్పుడల్లా అత్త లోపలినుంచి ఏ దేవునికి ధూపమేస్తున్రని అడిగేది.

ఆయన ఆదివారాలు మధ్యాహ్నం కిటికీ దగ్గర కూర్చునేవారు. చెయ్యి నిలవదు, ఆ ముక్కలన్నీ అతికించే పలక మీద కడ్డీ కొస వేయాల్సిన చోట పడదు. పడేదాకా వెతుక్కునే లోపల వేడి తీగ వెంబడి పైకిపాకి ట్రాన్సిస్టర్ చచ్చిపోయేది. చావక మిగిలినచోట, టంకం చల్లారేలోపే చెయ్యి అదిరి, అతుకు బూడిదరంగులో గరుగ్గా గడ్డకట్టేది. ఆయన దాన్ని చూసి కడ్డీ పక్కన పెట్టేసేవారు.

సోమవారం ఆయన డ్యూటీకి పోగానే కాలినదాన్ని కొంగున ముడేసుకుని రేడియోలు బాగుచేసే చాచా దగ్గరికి పోయేదాన్ని.

“గిది సచ్చింది బిడ్డా. ఎవ్వలు గాల్చిన్రు? సారా?”

“సారు కాదు చాచా, నేనే. వంటింటి అలవాటు. చేతికి ఏది దొరికితే అది మాడుస్త.”

“మరి సార్‌కు రోజూ గిదే పెడుతున్నవా?” అంటూ ఏ పాత రేడియోలోంచో అటువంటిదే ఊడబీకి ఇచ్చేవాడు. టంకం వేసేటప్పుడు ట్రాన్సిస్టర్ కాలు మీద పట్టకారు నొక్కిపట్టు, వేడి దాంట్లకు పోతది, లోపల పాణం దక్కుతది అని చెప్పింది చాచానే. పట్టకారు మావారి పెట్టెలో తాళంలో ఉండేది గనుక నేను నా తలపిన్ను వాడాను. మొదట్లో నా టంకాలు గోడకు కొట్టిన పిడకల్లా పడ్డాయి. పోనుపోను చెయ్యి కుదిరింది. మాడినదాన్ని వేడిచేసి లాగేసి, రంధ్రాన్ని దబ్బనంతో తెరిచి, కొత్తది కూర్చి, ఏమీ ఎరగనట్టు పప్పు తాలింపు వేసేదాన్ని.

ఆదివారం ఆయన బ్యాటరీ తగిలించి చూస్తే పోయిందనుకున్న చోట పలికేది. “చూసినవా, ఉత్తగనే పరేషానైన. నా చెయ్యి ఎక్కడికి పోలే” అనేవారు. ఆ ముఖం చూడటానికే నేను అంత మాడు వాసన భరించాను.

వానాకాలం మొదట్లో ఒక సాయంత్రం ఆయన చెప్పులు విడవకుండానే వచ్చి మంచం మీద కూర్చున్నారు. ఆదిలాబాద్‌కు తార్ పంపుతుంటే మధ్యలో ఆపి అన్న అడిగాడట, మీటమీద ఎవరని. తన పేరు కొట్టారట. అటునుంచి మళ్ళీ అదే ప్రశ్న వచ్చిందట, కొత్తగా వచ్చిన పిల్లలతో మాట్లాడినట్టు మెల్లగా, ఒక్కొక్క అక్షరం విడదీసి.

“అన్నకు నేనెవ్వలో తెల్వలే” అన్నారు.

ఆయన లేచి ఆ పలకను కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టుకుని వెనకవైపు చూశారు. గరుకు గడ్డలు కొన్ని, వాటి మధ్య నునుపుగా మెరిసేవి కొన్ని. పలక చేతిలో అదురుతూనే ఉంది.

“మెరిసేటివి నీయే గద?”

“అవును.”

“బాగున్నయి” అన్నారు. నన్ను తిట్టలేదు, ఎందుకు చేసినవని అడగలేదు. ఆ వచ్చే ఆదివారం కుంపటి రాజేసి కడ్డీ ఆయనే నా చేతికిచ్చి, తన గరుకు అతుకులు ఒక్కటొక్కటే వేలితో చూపిస్తూ, “గిది తీసి మళ్ల వెయ్యి, గిది గూడ” అన్నారు. అన్నీ తీసి వేశాను. చివరికి ఆ పెట్టెలో ఆయన చేతి గుర్తు ఒక్కటి కూడా మిగల్లేదు. వీపు ఆయనవైపు పెట్టి కుంపట్లో బొగ్గులు సర్దుతూ నేను ఏడ్చాను. అడిగితే పొగ అని చెబుదామనుకున్నాను గానీ ఆయన అడగలేదు.

పెట్టె మాత్రం చక్కగా పలికింది. లైసెన్సు కాగితాలు ఆయన పంపలేదు. తనే అర్జీ పెట్టుకుని మీట విడిచి, తార్ రాసి ఇచ్చేవాళ్ళ దగ్గర కాగితాలు తీసుకునే కిటికీకి మారారు. సాయంత్రాలు ఆ పెట్టె ముందు కూర్చుని ఎక్కడెక్కడి వాళ్ళో కొట్టే చుక్కలూ గీతలూ వినేవారు. గీడెవడో పోరడు, తొందరెక్కువ. గీయన ముసలాయన, నిమ్మలంగ కొడ్తుండు అని నాకు చెప్పేవారు. బదులు కొట్టడానికి మన దగ్గర మీటా లైసెన్సూ లేవు కదా అని ఒక్కసారి అన్నానేమో, మళ్ళీ ఎప్పుడూ అనలేదు.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది, తార్ ఆఫీసులూ పోయాయి. పిల్లలు ఎంత దూరాన ఉన్నా ఇప్పుడు ఫోనులో క్షణంలో కబురు పంపుతారు, అది మంచిదే, తార్ అందుకుని గుండె జారిన రోజులు మళ్ళీ కావాలని నేననను. కానీ అందరి అక్షరాలూ ఒకే తీరుగా, ఒకే కొలతలో, చక్కగా తీర్చి ఉంటాయి. బాగున్నాం అని వస్తుంది. నేనా మాటను వేలితో పెద్దది చేసి చేసి చూస్తాను, అది కొట్టిన చెయ్యి నిమ్మళంగా ఉందో, వణుకుతూ ఉందో దాంట్లో ఎక్కడా కనబడదు.