మీటరు చంపిన గిటారు

తెలంగాణ కోసం ఊళ్లకు ఊళ్లు రోడ్డెక్కిన ఆ రోజుల్లో మా తొర్రూరులో ఊరికే కూర్చున్న మనిషి కనిపించేవాడు కాదు. పాట వచ్చినవాళ్లు పాడేవారు, రానివాళ్లు జెండా పట్టేవారు, అదీ చేతకాకపోతే నడిరోడ్డు మీద వంటావార్పులో ఉల్లిగడ్డలు కోసేవారు. నాకు పాట రాదు, ఉల్లిగడ్డ కోస్తే కంట్లో నీళ్లకంటే ముందు వేలు తెగేది. నాకు తెలిసిందల్లా కాలిన మోటార్లు. ఐటీఐలో మా బ్యాచికి ఆడపిల్లను నేనొక్కదాన్నే. అది ముగించి మోటారు వైండింగు షాపులో పనికి కుదిరాను. షాపాయనను ఊరంతా ఉస్తాద్ అనేది, నేనూ అలాగే అనేదాన్ని. ఇరవై ఏళ్ల వయసు, చేతిలో మల్టీమీటరు, ఇంకేం కావాలి? డాక్టరు గొట్టం వేసుకున్నట్టు దాని వైర్లు మెడలో వేసుకుని తిరిగేదాన్ని.

ఆ మీటరు గురించి కొంచెం చెప్పాలి. ఓమ్స్, అంటే తీగ కరెంటును ఎంత అడ్డుకుంటుందో కొలవడానికి దాని మీద నాలుగైదు గడులుంటాయి. బావి మోటార్ల తీగ దొడ్డుది, కొలిస్తే పదీ పరకా ఓమ్స్ మించదు. అందుకని రెండు వందల గడి తప్ప మిగతావాటితో మాకు పని పడేది కాదు. ఆ గడి దగ్గర ఎర్రటి గోళ్ల రంగుతో చుక్క పెట్టుకున్నాను (గోళ్లకు పెట్టుకునే తీరిక ఎక్కడిది!). అంకె కదిలితే కాయిల్ (లోపల చుట్టిన తీగ) బాగున్నట్టు, ఎడమ పక్కన ‘ఒకటి’ ఒంటరిగా నిలబడితే తెగినట్టు. రైతులు నా మొహం వంక చూసేవారు, నేను తల అడ్డంగా ఊపితే మారుమాట లేకుండా మోటారు వదిలి వెళ్లేవారు. ఆ తల ఊపడం నాకు బాగా అలవాటైంది, ఒప్పుకోవాలి.

ఒక బంద్ రోజు మధ్యాహ్నం, మానుకోట దగ్గరి తండా నుంచి ఒక అన్న వీపున ఎలక్ట్రిక్ గిటారు, చేతిలో దాని స్పీకరు డబ్బాతో వచ్చాడు. సాయంత్రం మా ఊళ్లో ధూంధాం, ఉద్యమం పాటల సభ. డప్పుల మధ్య గిటారేమిటని నవ్వినవాళ్లను బతిమాలి ఒక్క పాటకు ఒప్పించుకున్నాడట. తీరా చూస్తే గిటారు మూగబోయింది. బస్సులు లేవు, వరంగల్ తీసుకుపోయే దారి లేదు.

"మా యాడి ట్రాక్టర్ల వస్తున్నది చెల్లె," అన్నాడు (అమ్మను లంబాడీలు అలా అంటారు). "గా కట్టె పట్టుకొని ఎన్నేండ్లు తిరుగుతవ్‌రా అని రోజు తిడ్తది. ఇయ్యాల మోగకపోతే ఇగ బతుకంత గదే మాట."

"కాయిల్ ఉన్నదా దాంట్ల? ఉంటె మా బిడ్డ చూస్తది," అని ఉస్తాద్ నన్ను ముందుకు తోశాడు.

మరలు విప్పి పై పలక లేపాను. స్ట్రింగుల కింద మూడు చిన్న కాయిళ్లు. వాటిని పికప్పులంటారని, స్ట్రింగు కదలికను కరెంటు చేసేవి అవేనని అన్నే చెప్పాడు. మొదటిదానికి మీటరు పెట్టాను. ఎడమ పక్కన ఒకటి. రెండోదానికీ అంతే, మూడోదానికీ అంతే. అలవాటు ప్రకారం తల అడ్డంగా ఊపాను.

"మూడు పోయినయన్నా. కొత్తగ చుట్టాలె. గింత సన్న తీగ మా దగ్గర లేదు."

అన్న బయటికి పోయి వాళ్లమ్మకు ఫోన్ చేశాడు. వాళ్ల భాష నాకు ఒక్క ముక్క రాదు, కానీ రావద్దని చెప్తున్నాడని గొంతును బట్టి తెలిసింది. అవతల ట్రాక్టరు చప్పుడూ వినిపించింది, అప్పటికే బయల్దేరారన్నమాట. అన్న లోపలికొచ్చి గిటారు వంకే చూస్తూ, "నిన్నటిదాక మంచిగ మోగింది చెల్లె. ఒకటి పోతదంటే సరే, మూడు ఒక్కపారే ఎట్ల పోతయి?" అన్నాడు.

నిజమే! మూడు బావుల్లో మూడు మోటార్లు ఒకే నిమిషంలో కాలతాయా? సన్న తీగ అని నా నోటితో నేనే అన్నాను. అంత సన్న తీగ, వేల చుట్లు. ఓమ్స్ కూడా వేలల్లోనే ఉండాలి కదా! రెండు వందల దగ్గర పెడితే మీటరు పాపం ‘నాకు మించింది’ అని చెప్పడానికే ఆ ఒకటి చూపిస్తోంది. ఎవరూ చూడకుండా (అని అనుకున్నాను) ఇరవై వేల గడికి తిప్పాను. ఆరు పాయింట్ ఒకటి, ఆరు పాయింట్ రెండు, ఆరు పాయింట్ ఒకటి (ఆ గడిలో ఆరంటే ఆరు వేలు). మూడూ నిక్షేపంలా ఉన్నాయి.

మరి లోపమెక్కడ? కాయిళ్ల నుంచి వైరు వెంబడే వెతుక్కుంటూ పోతే, చివర కేబుల్ గుచ్చే చోట టంకం ఊడి ఒక పోగు వేలాడుతోంది. కాల్చి అతికించడం అర నిమిషం పని. కేబుల్ కొసన కొలిస్తే ఆరు వేలు పలికింది. అన్న స్పీకరు డబ్బాకు తగిలించి స్క్రూడ్రైవరుతో పికప్పును తాకాను. టక్ మంది! అన్న స్ట్రింగుల మీద చెయ్యేశాడో లేదో షాపు రేకులు అదిరాయి, నేను ఉన్నచోటే ఎగిరాను.

"మూడు సచ్చినయంటివి గద చెల్లె, ఎట్ల బతికిచ్చినవ్?"

నేను నోరు తెరిచేలోగానే, "మా బిడ్డ చెయ్యి గసొంటిది," అనేశాడు ఉస్తాద్. తెరిచిన నోరు మూసుకున్నాను.

ఆ సాయంత్రం డప్పుల దరువు మీద గిటారు లేచినప్పుడు జనం ఈలలతో ఊరు దద్దరిల్లించారు. ట్రాక్టరు ట్రాలీలో నిలబడి వాళ్లమ్మ అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది. పాటయ్యాక అన్న మైకులో, "సచ్చిన కాయిళ్లను బతికిచ్చిన మా తొర్రూరు చెల్లె" అని నన్ను స్టేజీ ఎక్కించాడు. జై తెలంగాణ అని ఒక్కసారిగా లేచిన ఆ హోరులో సగం నాకోసమేనని గట్టిగా నమ్మాను.

మర్నాడు షాపు తెరుస్తూ ఉస్తాద్ నన్ను ఎగాదిగా చూశాడు. "సంపింది నువ్వే, బతికిచ్చింది నువ్వే. నేను సూడలేదనుకున్నవా?" అని చాయ్ చేతికిచ్చాడు. మళ్లీ ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు.

ఇప్పుడు నాకే సొంత షాపుంది. పాతవాళ్లు ఎవరైనా ఆ కథ మొదలుపెడితే కాదని అనను, అవునని కూడా అనను, పని చూసుకుంటాను. అంత జనం ముందు అప్పటి ఆ ఇరవై ఏళ్ల పిల్ల ఒక్కసారే నిలబడింది. తప్పు చేసిన పిల్లేనని నాకు తెలుసు, అయినా ఆ చప్పట్లు దాని చేతిలోంచి లాక్కోవడానికి ఇన్నేళ్లయినా నాకు మనసు రాదు.